గ్రేట్ వైట్ షార్క్: 36 అడుగులన్నారు.. కొలిస్తే 17 అడుగులే! ఇంతకీ ఈ సొరచేప ఎంత పెరుగుతుంది?

ఫోన్‌లో రీల్స్ తిప్పుతుంటే సొరచేప వీడియో వచ్చిందంటే చాలు, వేలు అక్కడే ఆగిపోతుంది. బోనులో డైవర్, ఎదురుగా నోరు తెరిచిన గ్రేట్ వైట్ షార్క్, కింద ‘30 అడుగుల రాకాసి’ అని క్యాప్షన్. లక్షల్లో వ్యూస్. మరి నిజంగా 30 అడుగుల గ్రేట్ వైట్ షార్క్ ఉందా? ఒక్క మాటలో చెప్పాలంటే లేదు. ఇప్పటిదాకా నమ్మదగిన కొలతలు చూస్తే ఈ జాతి గరిష్ఠ పొడవు 20 అడుగుల దగ్గరే ఆగుతోంది. అయితే ఆ 20 అడుగులకు చేరడానికి ఒక్కో సొరకు ఎన్నేళ్లు పడుతుందో తెలిస్తే, 30 అడుగుల అబద్ధం కంటే ఈ నిజమే ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది.

మగ చిన్నది.. ఆడే పెద్దది

గ్రేట్ వైట్ షార్క్‌లలో ఆడవే పెద్దవి. పెరిగిన మగ సొర మామూలుగా 11 నుంచి 13 అడుగులు ఉంటుంది. ఆడ సొర 15 నుంచి 16 అడుగులు ఉంటుంది. అంటే రెండు ఆటోలను ఒకదాని వెనక ఒకటి నిలిపితే ఎంత పొడవొస్తుందో, దాదాపు అంత.

దీనికి ఈమధ్య కాలంలోనే రెండు మంచి ఉదాహరణలున్నాయి. 2020 అక్టోబర్‌లో కెనడాలోని నోవా స్కోషియా తీరంలో ఓషెర్చ్ అనే పరిశోధన సంస్థ ఒక ఆడ సొరను పట్టి, కొలిచి, ట్యాగ్ వేసి వదిలేసింది. పేరు నుకుమి. పొడవు 17 అడుగుల 2 అంగుళాలు, బరువు సుమారు 1,600 కేజీలు. వయసు 50 ఏళ్లు ఉండొచ్చని అంచనా. 2025 జనవరిలో అమెరికా ఆగ్నేయ తీరంలో అదే సంస్థ కంటెండర్ అనే మగ సొరకు ట్యాగ్ వేసింది. వాయవ్య అట్లాంటిక్‌లో తాము ట్యాగ్ వేసిన మగ సొరల్లో ఇదే పెద్దదని ప్రకటించింది. దాని పొడవెంతో తెలుసా? 14 అడుగులు కూడా లేదు. బరువు 750 కేజీలు.

అంటే మగ సొరల్లో ‘భారీ’ అనిపించుకున్నది కూడా 14 అడుగుల లోపే. 30 అడుగుల క్యాప్షన్ ఎంత దూరం పోయిందో దీన్ని బట్టే అర్థమవుతుంది.

వందేళ్లు నమ్మిన తప్పు లెక్క

సొర సైజు మీద ఇలాంటి గొప్పలు సోషల్ మీడియాతో మొదలు కాలేదు. 1870లో బ్రిటిష్ మ్యూజియం ప్రచురించిన చేపల జాబితాలో ఆస్ట్రేలియాలోని పోర్ట్ ఫెయిరీ దగ్గర దొరికిన ఒక గ్రేట్ వైట్ షార్క్ పొడవు 36.5 అడుగులని రాశారు. దాని దవడలు మ్యూజియంలో ఉన్నాయి. అంత పెద్ద సంస్థ అచ్చు వేశాక అనుమానించేదెవరు? దాదాపు వందేళ్ల పాటు పుస్తకాలన్నీ ఆ లెక్కనే పట్టుకుని నడిచాయి.

1973లో జాన్ రాండల్ అనే మత్స్య శాస్త్రవేత్త ఆ దవడలను, పళ్లను మళ్లీ పరిశీలించారు. పన్ను సైజుకు, సొర పొడవుకు ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క వేస్తే తేలింది సుమారు 17 అడుగులు. సగం కూడా కాదు! 16.5 కాస్తా అచ్చుతప్పుతో 36.5 అయి ఉండొచ్చన్న అనుమానం కూడా ఉంది.

ఆ తర్వాత మరికొన్ని ‘రికార్డులు’ కూడా ఇలాగే కరిగిపోయాయి. 1945లో క్యూబాలోని కోహిమార్‌లో పట్టిన సొర 21 అడుగులని చెప్పుకున్నారు. తర్వాత ఫొటోను విశ్లేషిస్తే 16 అడుగుల దగ్గర తేలింది. 1987లో మాల్టాలో దొరికిన సొర 23 అడుగుల పైనే అన్నారు. దాన్నీ నిపుణులు ఒప్పుకోలేదు. 1930ల్లో కెనడా తీరంలో వలలో పడ్డ 37 అడుగుల సొర మాటేమిటంటే, అది గ్రేట్ వైట్ కాదు, బాస్కింగ్ షార్క్ అయి ఉంటుందన్నది శాస్త్రవేత్తల మాట. నోరు తెరుచుకుని ప్లాంక్టన్ తింటూ తిరిగే ఆ జాతి నిజంగానే చాలా పెద్దగా పెరుగుతుంది.

గాలంతో పట్టిన రికార్డు మాత్రం చెక్కుచెదరలేదు. 1959 ఏప్రిల్‌లో దక్షిణ ఆస్ట్రేలియాలోని సెడునా దగ్గర ఆల్ఫ్ డీన్ అనే జాలరి 1,208 కేజీల సొరను పట్టాడు. ఎందుకు నిలిచిందంటే, దాన్ని తూకం వేశారు కాబట్టి.

పొడవు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లు

ఇక్కడ ఇంకో లెక్క కూడా ఉంది. పొడవు రెట్టింపైతే వెడల్పు, ఎత్తు కూడా రెట్టింపు కావాలి. కాబట్టి బరువు ఎనిమిది రెట్లవుతుంది. 17 అడుగుల నుకుమి 1.6 టన్నులుంటే, అదే ఆకారంలో 34 అడుగుల సొర దాదాపు 13 టన్నులుండాలి. సీల్స్‌ను వెంటాడి, నీళ్లలోంచి పైకెగిరి మరీ పట్టుకునే వేటగాడికి అంత బరువు మోస్తూ బతకడం కష్టం.

మరి మెగాలోడాన్ సంగతేంటి? అది వేరే జాతి. 50 అడుగులకు పైగా పెరిగేదని అంచనా. సుమారు 36 లక్షల ఏళ్ల కిందటే అంతరించిపోయింది. గ్రేట్ వైట్ షార్క్ దాని వారసురాలన్న పాత వాదనను ఇప్పుడు చాలామంది శాస్త్రవేత్తలు ఒప్పుకోవడం లేదు.

డీప్ బ్లూ.. అందరూ చూసిన మహారాణి

బతికున్న సొరల్లో బాగా పేరున్నది డీప్ బ్లూ. మెక్సికోకు చెందిన గ్వాడలూప్ దీవి దగ్గర తీసిన వీడియోలతో ఈ ఆడ సొర ప్రపంచానికి తెలిసింది. 2014లో డిస్కవరీ ‘షార్క్ వీక్’లో కనిపించింది. పొడవు సుమారు 20 అడుగులని, వయసు 50 ఏళ్ల పైనే అని అంచనా. డైవర్లు ఉన్న బోను పక్కనుంచి అది నిదానంగా వెళ్తుంటే బోనే చిన్నగా కనిపిస్తుంది.

2019 జనవరిలో హవాయిలోని ఓహూ దీవి దగ్గర చనిపోయిన స్పెర్మ్ వేల్‌ను తినడానికి భారీ సొరలు వచ్చాయి. వాటిలో ఒకదాని పక్కన డైవర్ ఈదుతున్న వీడియో ప్రపంచమంతా చుట్టేసింది. అది డీప్ బ్లూనే అని వార్తలొచ్చాయి. కాదు, అంతే పెద్దదైన మరో సొర అని కొందరు పరిశోధకులు అన్నారు. మచ్చలు, రెక్కల అంచుల్లోని గాట్లు చూసి సొరలను గుర్తుపడతారు. వేలిముద్రల్లా అన్నమాట.

వీడియోలో ఎందుకు అంత పెద్దగా కనిపిస్తుంది?

యాక్షన్ కెమెరాల్లో ఉండేది వైడ్ యాంగిల్ లెన్స్. దగ్గరున్నది చాలా పెద్దగా, కాస్త వెనకున్నది బాగా చిన్నగా చూపిస్తుంది. సొర కెమెరా ముందు, మనిషి పది అడుగుల వెనక ఉంటే చాలు, 12 అడుగుల సొర కూడా బస్సంత కనిపిస్తుంది. పడవ మీద వేలాడదీసిన సొర వెనక జాలరి నిలబడి దిగే ఫొటోల్లోనూ ఇదే కిటుకు.

పైగా నీళ్లలో వస్తువులు ఉన్నదానికంటే దగ్గరగా, పెద్దగా కనిపిస్తాయి. దానికి భయం తోడైతే ఇక చెప్పేదేముంది.

అందుకే పరిశోధకులు కంటి అంచనాను నమ్మరు. రెండు లేజర్ చుక్కలను నిర్ణీత దూరంలో సొర ఒంటిపై పడేలా చేసి ఫొటో తీస్తారు. ఆ రెండు చుక్కల మధ్య దూరమే స్కేలు. పైనుంచి డ్రోన్‌తో తీసి, ఎత్తును బట్టి లెక్కగట్టే పద్ధతీ ఉంది. వీడియో చూసేవాళ్లు కూడా మూడు విషయాలు గమనిస్తే చాలు. సొర, మనిషి పక్కపక్కనే ఉన్నారా? కొలిచిందెవరు? అది అంచనానా, కొలతా?

20 అడుగులకు అరవై ఏళ్లు?

గ్రేట్ వైట్ షార్క్ పిల్ల పుట్టేటప్పుడే నాలుగైదు అడుగులుంటుంది. పుట్టిన క్షణం నుంచి దాని బతుకు దానిదే, తల్లి దగ్గర ఉండదు. ఆ తర్వాత పెరుగుదల మాత్రం చాలా నెమ్మది.

సొరకు ఎముకలుండవు, ఉన్నదంతా మృదులాస్థే. దాని వెన్నుపూసల్లో చెట్టు కాండంలోలాగా వలయాలు ఏర్పడతాయి. అయితే ఒక్కో వలయం ఒక్కో ఏడాదేనా అన్నది చాలాకాలం తేలలేదు. దీన్ని తేల్చింది అణుబాంబులు! 1950, 60ల్లో జరిగిన అణు పరీక్షల వల్ల వాతావరణంలో రేడియోకార్బన్ పెరిగి, సముద్ర జీవుల శరీరాల్లోకీ చేరింది. ఆ గుర్తు ఏ వలయంలో ఉందో చూసి వయసు లెక్కగట్టారు. 2014లో వెలువడిన ఆ అధ్యయనంలో ఒక మగ సొర వయసు 73 ఏళ్లని తేలింది. అంతకుముందు ఇవి ముప్పై ఏళ్లకు మించి బతకవని అనుకునేవారు.

మరుసటి ఏడాది వచ్చిన మరో అధ్యయనం ఇంకో కీలక విషయం చెప్పింది. మగ సొర జత కట్టే వయసుకు రావడానికి 26 ఏళ్లు, ఆడ సొరకు 33 ఏళ్లు పడుతుందట. అసలు విషయం ఇక్కడే ఉంది. ఒక 17 అడుగుల ఆడ సొరను చంపితే పోయేది ఒక చేప మాత్రమే కాదు. ఆ స్థానంలో ఇంకొకటి పిల్లలు పెట్టే దశకు రావాలంటే మూడు దశాబ్దాలు ఆగాలి. ‘రికార్డు సొర’ కోసం వేటాడేవాళ్లు ఏరి ఏరి పట్టేది సరిగ్గా ఈ పెద్ద తల్లులనే.

జాస్ తెచ్చిన భయం

సొరల మీద మోజు, భయం రెండూ ప్రపంచమంతా పాకడానికి ఒక సినిమా పెద్ద కారణం. పీటర్ బెంచ్లీ 1974లో రాసిన నవల ఆధారంగా స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన ‘జాస్’ 1975 జూన్‌లో విడుదలైంది. అందులోని సొర పొడవు 25 అడుగులు. అంటే ప్రకృతిలో ఉన్న అతి పెద్దదానికంటే ఐదు అడుగులు ఎక్కువ. షూటింగ్‌లో వాడిన యంత్రపు సొరకు యూనిట్ పెట్టుకున్న ముద్దుపేరు బ్రూస్. అది మాటిమాటికీ మొరాయించడంతో సొరను చూపించకుండానే భయపెట్టాల్సి వచ్చింది. అదే సినిమాకు ప్లస్ అయింది.

సినిమా హిట్టయ్యాక అమెరికాలో సరదా కోసం సొరల వేట జోరందుకుంది. ఇది చూసిన బెంచ్లీ తర్వాత మనసు మార్చుకుని, 2006లో చనిపోయేదాకా సముద్ర జీవుల రక్షణ కోసం పనిచేశారు. 1991లో దక్షిణాఫ్రికా, 1994లో కాలిఫోర్నియా, 1999లో ఆస్ట్రేలియా ఈ జాతికి చట్టపరమైన రక్షణ ఇచ్చాయి. ఇప్పటికీ ఐయూసీఎన్ జాబితాలో ఇది ముప్పు ఎదుర్కొంటున్న జాతే.

ఎవరికి ఎవరంటే భయం?

ప్రపంచవ్యాప్తంగా, రెచ్చగొట్టకుండా సొరలు మనుషులను కరిచే ఘటనలు ఏడాదికి సగటున 60 నుంచి 70. అదీ అన్ని జాతుల సొరలనూ కలిపితే. వాటిలో ప్రాణాలు పోయేవి ఆరేడు. మరోవైపు మనుషుల చేతిలో ఏటా చనిపోయే సొరలు సుమారు 10 కోట్లని 2013లో ఒక అధ్యయనం అంచనా వేసింది.

గ్రేట్ వైట్ షార్క్‌కు సముద్రంలోనూ శత్రువుంది. అదే ఓర్కా. దక్షిణాఫ్రికా తీరంలో పోర్ట్, స్టార్‌బోర్డ్ అని పేర్లున్న రెండు ఓర్కాలు సొరలను చంపి కాలేయం మాత్రమే తినడం పరిశోధకులు గమనించారు. అవి వచ్చాయంటే సొరలు ఆ చోటు ఖాళీ చేసి వెళ్లిపోతున్నాయి.

మన తీరంలో..

గ్రేట్ వైట్ షార్క్ ఎక్కువగా తిరిగేది దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, కాలిఫోర్నియా, మెక్సికో లాంటి చోట్ల కాస్త చల్లని నీళ్లలో. బంగాళాఖాతంలో మన మత్స్యకారుల వలల్లో పడేవి వేరే సొరలు. కోస్తా ఇళ్లలో బాలింతలకు పెట్టే సొరపుట్టుకు వాడేది చిన్న సొరలే.

అయితే మన తీరానికి వచ్చే వేల్ షార్క్ మాత్రం గ్రేట్ వైట్ కంటే ఎన్నో రెట్లు పెద్దది. ప్రపంచంలోనే అతి పెద్ద చేప అది. మనుషుల జోలికి రాదు, తినేది ప్లాంక్టన్, చిన్న చేపలు. 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. 2021 డిసెంబర్‌లో విశాఖపట్నం సమీపంలోని తంతడి తీరంలో వలలో చిక్కిన వేల్ షార్క్‌ను అటవీశాఖ, మత్స్యకారులు కలిసి మళ్లీ సముద్రంలోకి పంపారు.

ఆశకు ఇంకో ఉదాహరణ అమెరికాలోని కేప్ కాడ్. 1972లో సీల్స్‌ను కాపాడే చట్టం వచ్చింది. సీల్స్ పెరిగాయి, వాటి వెంటే సొరలూ తిరిగొచ్చాయి. 2015 నుంచి 2018 మధ్య సుమారు 800 గ్రేట్ వైట్ షార్క్‌లు అక్కడికి వచ్చి వెళ్లాయని పరిశోధకుల అంచనా. వాటిలో ఇప్పుడు ఐదారు అడుగులున్న ఆడ పిల్లలు నుకుమి అంత కావాలంటే ఈ శతాబ్దం రెండో సగం దాకా బతకాలి.