క్షయవైద్యం: శానిటోరియం నుండి ఇంటి గడపకు

క్షయరోగాన్ని మన ప్రాచీనులు రాజయక్ష్మ అన్నారు. రోహిణియందే అనురక్తుడై తక్కిన భార్యలను ఉపేక్షించిన చంద్రుడు దక్షుని కోపానికి గురియై నానాటికీ కృశించినాడన్న కథను చరకసంహిత ఈ రోగానికి జన్మకథగా చెప్పినది. చంద్రుడు పూర్తిగా నశించలేదు. చికిత్స పొంది తిరిగి కాంతిమంతుడైనాడు. లోకంలో ఈ రోగం తగిలినవారిలో చాలామందికి అటువంటి శుక్లపక్షం రాలేదు. 1882 మార్చి 24వ తేదీన బెర్లిన్ నగరంలో రాబర్ట్ కాక్ క్షయక్రిమిని కనుగొన్నట్లు ప్రకటించినాడు. శత్రువు ఎవరో తెలిసినది. ఆ శత్రువును జయించగల మందు చేతికి రావడానికి మరి అరవై ఏళ్ళకు పైగా పట్టినది.

ఈ నడిమికాలంలో వైద్యుల ఆశ అంతా శానిటోరియంపై నిలిచినది. పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగంలో హెర్మన్ బ్రేమర్ అనే వైద్యుడు సైలీషియా కొండలలో ఇటువంటి ఆరోగ్యశాలను నెలకొల్పినాడు. స్వచ్ఛమైన గాలి, సంపూర్ణ విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, క్రమశిక్షణతో కూడిన దినచర్య: ఇవే అక్కడి ఔషధాలు. ఈ పద్ధతి యూరపులో వ్యాపించి మన దేశానికీ వచ్చినది. తెలుగుదేశంలో దానికి మదనపల్లె ప్రసిద్ధ స్థానమైనది. సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైగా ఎత్తున, పొడిగాలి వీచే ఆ ప్రాంతంలో పలు క్రైస్తవ మిషనులు కలిసి 1915లో ఒక క్షయ చికిత్సాలయాన్ని స్థాపించినవి. ఆ తావుకు ఆరోగ్యవరం అని పేరు. డెన్మార్కు దేశస్థుడైన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి వైద్యాధికారి. తరువాత ఆ పదవిని నిర్వహించిన పి.వి. బెంజమిన్ స్వతంత్ర భారత ప్రభుత్వానికి క్షయరోగ విషయంలో సలహాదారు అయినాడు.

శానిటోరియం ఎందరికో ఊరట కలిగించినది, కొందరిని బ్రతికించినది. అయితే దానికొక పరిమితి ఉన్నది. ఒక్క రోగి నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏళ్ళ తరబడి ఒక పడకను ఆక్రమించి ఉండవలసినదే. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో క్షయరోగులు లక్షల సంఖ్యలో ఉండగా వారికి కేటాయించిన పడకలు కొన్నివేలు మాత్రమే. సంపన్నులకు దూరదేశాల ద్వారాలు కూడా తెరచి ఉండేవి. కమలా నెహ్రూ భోవాలీ శానిటోరియంలో చికిత్స పొంది, ఆపైన యూరపుకు వెళ్ళి, 1936లో లోజాన్ నగరంలో మరణించినది. అంతటి వసతి ఉన్నవారికే ప్రాణం దక్కని రోజులలో, కూలిపని మానితే పొయ్యిలో పిల్లి లేవని ఇంటి యజమానికి ఏడాది విశ్రాంతి అనే మాటకు అర్థమేమిటి?

ఇంతలో ఔషధయుగం ఆరంభమైనది. 1944లో స్ట్రెప్టోమైసిన్ వెలుగులోకి వచ్చినది. ఆ మందు నిజంగా పనిచేయునో లేదో తేల్చడానికి బ్రిటిషు వైద్య పరిశోధక మండలి అనుసరించిన మార్గం వైద్యచరిత్రలో ఒక మైలురాయి. ఏ రోగికి మందు ఇవ్వవలెనో, ఎవరికి విశ్రాంతి మాత్రమే విధించవలెనో వైద్యుని అభిరుచికి వదలక, యాదృచ్ఛిక సంఖ్యల ననుసరించి నిర్ణయించినారు. మందు కొరతగా ఉన్న కాలమది. అందరికీ ఇవ్వడం ఎటూ సాధ్యం కాదు. 1948లో ఫలితం వెలువడినది. ఆరు నెలలలో, మందు పొందిన 55 మందిలో 4గురు, పొందని 52 మందిలో 14గురు మరణించినారు. ఎవరికి ఏ చికిత్స అన్నది వైద్యుని మనస్సుపై ఆధారపడలేదు కనుక, ఈ తేడాను మందుకే ఆపాదించవచ్చునని లోకం ఒప్పుకొన్నది. తరువాత పాస్ అనే మందు, 1952లో చవకగా తయారుచేయదగిన ఐసోనియాజిడ్ వచ్చినవి. రెండు మూడు మందులు కలిపి ఇస్తే, మందులను ధిక్కరించే క్రిములు తలయెత్తకుండా అడ్డగించవచ్చునని కూడా తెలిసినది.

అప్పుడొక కొత్త ప్రశ్న ఉదయించినది. క్రిమిని చంపేది మందే అయితే, శానిటోరియం ఇంకా దేనికి? గాలి, విశ్రాంతి, ఆహారం చికిత్సలో ఎంత భాగం? ఈ ప్రశ్న ధనిక దేశాలకు కుతూహలం కలిగించేది మాత్రమే. భారతదేశానికి అది లక్షల ప్రాణాల సమస్య. దానికి సమాధానం వెదకడానికి 1956లో మద్రాసులో క్షయరోగ రసాయనచికిత్సా కేంద్రం ఏర్పడినది. భారత ప్రభుత్వం, మద్రాసు ప్రభుత్వం, భారత వైద్య పరిశోధక మండలి, ప్రపంచ ఆరోగ్యసంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధక మండలి ఇందులో భాగస్వాములు. వాలెస్ ఫాక్స్ అనే వైద్యుడు తొలి సంవత్సరాలలో ఆ పరిశోధనలకు సారథ్యం వహించినాడు.

పరిశోధన రూపం సరళమైనది. మద్రాసు నగరపు పేదలలో కఫంలో క్రిములున్న రోగులను ఎన్నుకొని, యాదృచ్ఛిక పద్ధతిన రెండు వర్గాలుగా విభజించినారు. ఒక వర్గాన్ని ఏడాదిపాటు శానిటోరియంలో ఉంచినారు. రెండవ వర్గం తమ ఇరుకిళ్ళలోనే ఉన్నది. ఇరువురికీ మందులు ఒక్కటే: ఐసోనియాజిడ్, పాస్. శానిటోరియంలోని వారికి మంచి ఆహారం, విశ్రాంతి, దాదుల సంరక్షణ లభించినవి. ఇంటివారికి దొరికినది వారి పేదరికం అనుమతించిన తిండి. విశ్రాంతి ఇంకా తక్కువ. మందు లేకుండా ఎవరినీ విడిచిపెట్టలేదు. పరీక్షకు నిలిచినది మందు కాదు, మందు ఇచ్చే చోటు.

1959లో ఫలితాలు ప్రకటితమైనవి. ఏడాది ముగిసేసరికి శానిటోరియం రోగులలో నూటికి 92 మందికి, ఇంటి రోగులలో నూటికి 86 మందికి రోగం శమించినది. శానిటోరియం రోగులు బరువు ఎక్కువ పెరిగినారు. అయినా క్రిములను జయించడంలో రెండు వర్గాలూ చాలా దగ్గరగా నిలిచినవి. అయిదేళ్ళ పరిశీలనలో ఆ కొద్ది అంతరమూ నిలువలేదు. అందరూ భయపడిన మరొక విషయం అంటు. రోగిని ఇంట ఉంచితే భార్యాబిడ్డలకు ప్రమాదం కాదా? ఇరువర్గాల కుటుంబాలనూ అయిదేళ్ళు గమనించి చూడగా, ఇంటిలో చికిత్స జరిగిన కుటుంబాలలో రోగం అధికంగా కనబడలేదు. రోగం తెలియకముందే ఇంటివారికి సోకవలసినంత సోకి ఉంటుందనీ, చికిత్స ఆరంభమైన పిమ్మట రోగివల్ల ప్రమాదం త్వరగా తగ్గుతుందనీ దీనివల్ల స్పష్టమైనది. శతాబ్దకాలం నాటి నమ్మకానికి పునాది కదిలినది.

అయితే ఈ విజయంలో ఒక షరతు ఇమిడి ఉన్నది. ఇంటిలో చికిత్స అంటే మందు చేతికిచ్చి పంపివేయడం కాదు. మద్రాసు కేంద్రం వారు రోగి ఇంటికి ముందు చెప్పకుండా వెళ్ళేవారు. మిగిలిన బిళ్ళలను లెక్కపెట్టేవారు. మూత్రాన్ని పరీక్షించి మందు వేసుకొన్నాడో లేదో తెలుసుకొనేవారు. దగ్గు తగ్గి, ఒంట్లో సత్తువ వచ్చిన రోగికి ఏడాది పొడుగునా బిళ్ళలు మింగడంపై శ్రద్ధ సన్నగిల్లడం సహజం. అందుచేత 1960ల ఆరంభంలో, వారానికి రెండుసార్లు మాత్రమే, సిబ్బంది ఎదుట మందు ఇచ్చే పద్ధతిని పరీక్షించి, అదీ సమర్థమైనదే అని చూపినారు.

పరిశోధనశాలలో తేలిన సత్యాన్ని జిల్లాలకు ఎట్లా చేర్చవలెను? 1959లో బెంగుళూరులో స్థాపితమైన జాతీయ క్షయరోగ సంస్థ ఈ పని చేపట్టినది. అంతకుముందు జరిగిన దేశవ్యాప్త పరిశీలనలో ఈ రోగం పట్టణాలలో ఎంతో పల్లెలలోనూ ఇంచుమించు అంతే అని తెలిసినది. జిల్లా కేంద్రంలో ఒక క్షయ నివారణ కేంద్రం, దాని వెన్నంటి సామాన్య వైద్యశాలలలో కఫపరీక్ష, మందుల పంపిణీ: ఈ ఏర్పాటును అనంతపురం జిల్లాలో ప్రయోగించి చూచినారు. 1962లో జాతీయ కార్యక్రమం ఆరంభమైనది. ఆ సంస్థకు చెందిన దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ 1963లో ప్రకటించిన పరిశీలన మరొక అపోహను తొలగించినది. పల్లెటూరి రోగి అజ్ఞానంచేత వైద్యానికి రాడన్నది అప్పటి అభిప్రాయం. నిజానికి రోగులలో సగానికి పైగా తమంతట తామే వైద్యుని ఆశ్రయించినారు. తరచు వారికి దక్కినది దగ్గుమందు సీసా మాత్రమే. లోపం గడప దాటి వచ్చినవానిది కాదు, వచ్చినవానికి పరీక్ష చేయని వైద్యశాలది.

తరువాతి మూడు దశాబ్దాల చరిత్రలో ఈ లోపమే ఎక్కువగా కనిపిస్తుంది. మందులు సమయానికి అందలేదు, సూక్ష్మదర్శినులు మూలపడినవి, మధ్యలో మానివేసినవారిని వెదకి తెచ్చేవారు కరవైనారు. 1992లో జరిగిన సమీక్షలో, చికిత్స ఆరంభించినవారిలో సగం మందైనా దానిని పూర్తిచేయడం లేదని తేలినది. 1997 నుండి, సిబ్బంది ఎదుట మందు మింగించే పద్ధతి దేశంలో విస్తరించసాగినది; 2006 నాటికి దేశమంతటా వ్యాపించినది. ఈ పద్ధతికి మూలం మద్రాసు పరిశోధనలే. ప్రపంచ ఆరోగ్యసంస్థ పేరుమీద ఆ బీజం లోకమంతా తిరిగి, ముప్పది ఏళ్ళ అనంతరం స్వదేశం చేరుకొన్నది. ఇంటిలో చికిత్స అన్నప్పుడు ఇల్లు ఏది అన్న ప్రశ్న మాత్రం మిగిలినది. తెలంగాణ నుండి సూరత్ మరమగ్గాలకు వలసవెళ్ళిన నేతపనివాని వంటివానికి చికిత్సాకాలంలో రెండు ఊళ్ళుంటాయి. రోగి మారిన చోటికల్లా అతని చికిత్సాపత్రం, మందులు అతని వెంట వెళ్ళకపోతే ఎంత మంచి ఔషధమైనా వ్యర్థమే.

మద్రాసు ఫలితాలను కొందరు అవసరానికి మించి అన్వయించుకొన్నారు. మందులుంటే ఆహారం లేకున్నా రోగం కుదురుతుందన్న మాట, ఆహారంతో పనిలేదన్న మాటగా మారినది. ఆ పరిశోధన చెప్పినది చికిత్స పొందుతున్న రోగిని గురించి మాత్రమే. రోగం రాకుండా నిలిచే శక్తిని గురించి అది ఏమీ చెప్పలేదు. ఆ ఖాళీని జార్ఖండ్‌లో జరిగిన ఒక పరిశోధన పూరించినది. క్షయరోగుల కుటుంబాలకు నెలనెలా ఆహారపదార్థాలు అందించి చూడగా, ఆ ఇళ్ళలో కొత్తగా రోగం వచ్చేవారి సంఖ్య సుమారు నూటికి నలభైవంతులు తగ్గినదని 2023లో ప్రకటించినారు. ఏడాదిపాటు రోగిని పడకపై ఉంచి పెట్టిన తిండికన్నా, అతని ఇంటి పొయ్యికి చేరిన తిండి ఎక్కువమందిని కాపాడినదన్నమాట.

మదనపల్లె చెంత ఆరోగ్యవరంలో ఆనాటి వైద్యాలయం నేటికీ ఉన్నది. ఒకప్పుడు క్షయరోగులకే ప్రత్యేకించిన ఆ పడకలపై ఇప్పుడు అన్ని రోగాలవారూ చికిత్స పొందుతున్నారు. క్షయరోగి తన మందుబిళ్ళలను పల్లెలోనే, తనవారి నడుమనే వేసుకొంటున్నాడు. అవి ఏ నెలకు ఆ నెల తప్పక అందుతున్నాయో లేదో చూచుకొనవలసిన బాధ్యత మాత్రం ఆనాడు మద్రాసులో బిళ్ళలు లెక్కపెట్టినవారికి ఎంత ఉండెనో, నేటి వైద్యశాలలకూ అంతే ఉన్నది.