కొరియన్ ధారావాహికల డిస్కుల సేకరణ

కొరియన్ ధారావాహికల డిస్కుల సేకరణ అనగా దక్షిణ కొరియా టెలివిజన్‌లో ప్రసారమైన ధారావాహికలను వీడియో సీడీ, డీవీడీ, బ్లూ-రే డిస్కుల రూపంలో సంపాదించి భద్రపరచుకొనే అభిరుచి. 2000 దశకంలో ఇది ఆసియా దేశాలలో విస్తరించింది. ఇంటర్నెట్ ద్వారా నేరుగా చూసే సదుపాయం వచ్చిన తరువాత డిస్కుల అమ్మకాలు తగ్గినా, పాత ధారావాహికలను శాశ్వతంగా దగ్గర ఉంచుకోదలచినవారికి డిస్కు ముఖ్యమైన ఆధారంగానే మిగిలింది.

నేపథ్యం

కె.బి.ఎస్. సంస్థ 2002లో ప్రసారం చేసిన "వింటర్ సొనాటా" (20 భాగాలు) 2003లో జపానులోని ఎన్.హెచ్.కె. ద్వారా ప్రసారమై అక్కడ విశేష ఆదరణ పొందింది. ఎం.బి.సి. సంస్థ 2003 సెప్టెంబరు నుండి 2004 మార్చి వరకు ప్రసారం చేసిన "దే జాంగ్ గుమ్" 54 భాగాల చారిత్రక ధారావాహిక. రాజప్రాసాదపు వంటశాలలో చేరి, చివరకు రాజవైద్యురాలైన స్త్రీ కథ ఇది. ఇందులో నాయిక లీ యంగ్-ఏ.

భారతదేశంలో

కొరియన్ డిస్కులు మన దేశంలో ముందుగా వ్యాపించినది మణిపూర్‌లో. 2000 సంవత్సరంలో అక్కడి ఒక తీవ్రవాద సంస్థ హిందీ చిత్రాల ప్రదర్శనను నిషేధించగా, ఏర్పడిన లోటును కొరియా వారి అరిరంగ్ టీవీ ప్రసారాలు, మయన్మార్ సరిహద్దులోని మోరే మీదుగా వచ్చిన డిస్కులు పూరించాయి. దూరదర్శన్ 2006లో "దే జాంగ్ గుమ్"ను హిందీలోకి అనువదించి ప్రసారం చేసింది. ఉర్దూ వాడుక అధికంగా ఉన్న నిజామాబాదు, బోధన్ వంటి పట్టణాల వారికి ఆ హిందీ సంభాషణలు అర్థం చేసుకోవడం కష్టం కాదు.

తెలుగు ఇళ్ళలో డిస్కులు కొని దాచుకొనే అలవాటు పెరగడానికి ధర తగ్గడం ఒక కారణం. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ సంస్థ సినిమాల వీడియో సీడీలను 28 రూపాయలకు, డీవీడీలను 34 రూపాయలకు విక్రయించింది. ఆ సంస్థ ఆస్తుల విక్రయానికి 2018లో ట్రిబ్యునల్ ఆదేశించింది.

డిస్కుల రకాలు

వీడియో సీడీ: 1993లో వచ్చింది. ఒక్కో డిస్కులో సుమారు 74 నిమిషాల వీడియో పడుతుంది. అనగా గంట నిడివి గల భాగానికి ఒక డిస్కు చొప్పున "దే జాంగ్ గుమ్" మొత్తానికి 54 డిస్కులు కావాలి. ఉపశీర్షికలు బొమ్మలోనే ముద్రితమై ఉంటాయి గనుక తొలగించడానికి వీలుండదు.

డీవీడీ: ఒక పొర గల డిస్కులో 4.7 గిగాబైట్లు, రెండు పొరల డిస్కులో 8.5 గిగాబైట్లు పడతాయి. గరిష్ఠంగా 8 ధ్వని మార్గాలు, 32 ఉపశీర్షికల మార్గాలు ఉండవచ్చును. కొరియా 3వ ప్రాంతానికి, భారతదేశం 5వ ప్రాంతానికి చెందుతాయి. అందువలన కొరియాలో కొన్న డిస్కు ఇక్కడి ప్లేయరులో ఆడకపోవచ్చు. కొరియాది ఎన్.టి.ఎస్.సి. పద్ధతి, మనది పాల్ పద్ధతి కావడం మరొక చిక్కు. వీడియో సీడీలకు ప్రాంత సంకేతం ఉండదు.

కొనేముందు గమనించవలసినవి

పదుల కొద్దీ భాగాలను రెండు మూడు డిస్కులలో కుదించినా, డిస్కు అడుగుభాగం ఊదారంగులో కనిపించినా అది నకలు అయివుండే అవకాశం ఎక్కువ. కొన్ని నకళ్ళలో చైనా భాష నుండి ఇంగ్లీషులోకి తిరిగి అనువదించిన ఉపశీర్షికలుంటాయి. వీటిలో పాత్రల పేర్లు సైతం మారిపోతాయి. భారత కాపీరైట్ చట్టం (1957) 52-ఎ సెక్షను ప్రకారం వీడియో తయారుచేసినవారి పేరు, చిరునామా, హక్కుదారు వివరాలు డిస్కుపైనా పెట్టెపైనా ఉండాలి. తెలిసి హక్కులను ఉల్లంఘించినవారికి 63వ సెక్షను క్రింద ఆరు నెలల నుండి మూడేళ్ళ వరకు జైలుశిక్ష, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

భద్రపరచడం

నిజామాబాదు జిల్లాలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది, వర్షాకాలంలో తేమ పెరుగుతుంది. ఈ రెండూ డిస్కులకు హానికరం. డిస్కు లోపలి అల్యూమినియం పొరకు గాలి, తేమ తగిలితే అది క్షీణించి, బొమ్మ ఆగిపోతుంది. ఇంట్లో రాసుకొనే డిస్కులలోని రంగుపొర వేడికి, వెలుతురుకు ఇంకా త్వరగా పాడవుతుంది. కాబట్టి:

* డిస్కులను ఎండ తగలని చల్లని, పొడి చోట పెట్టెలలో నిలువుగా ఉంచాలి.
* అంచులను మాత్రమే పట్టుకోవాలి.
* మెత్తని గుడ్డతో మధ్య నుండి అంచు వైపు తుడవాలి, గుండ్రంగా తుడవరాదు.
* డిస్కుపై కాగితం అంటించరాదు.

ప్రాధాన్యత

నేడు కొన్ని కొరియన్ ధారావాహికలు తెలుగు అనువాదంతో కూడా ఇంటర్నెట్‌లో లభిస్తున్నాయి. అయితే అక్కడ ప్రేక్షకునికి ఉన్నది చూసే అనుమతి మాత్రమే, వస్తువు కాదు. ఒప్పందం ముగిస్తే ధారావాహిక జాబితా నుండి తొలగిపోతుంది. కొరియన్ ధారావాహికలను అందించిన అమెరికా సంస్థ డ్రామాఫీవర్ 2018 అక్టోబరు 16న మూతపడడంతో, చందాదారులకు అందులోని ధారావాహికలన్నీ ఒక్కరోజున దూరమయ్యాయి. సక్రమంగా కొని, శ్రద్ధగా దాచిన డిస్కుకు ఇటువంటి ప్రమాదం లేదు. అయితే దానిని ఆడించే ప్లేయరు కూడా పనిచేసే స్థితిలో ఉండాలి.