సికింద్రాబాదు స్టేషను: కట్టడం, కూల్చివేత, చరిత్ర

1874లో వాడి–సికింద్రాబాదు మార్గం ప్రారంభమై నిజాం రాజ్యం బొంబాయి–మద్రాసు రైలుమార్గంతో అనుసంధానమైంది. వ్యయభారం నిజాం ప్రభుత్వానిది, రాజధాని హైదరాబాదు. అయినా చివరి మజిలీ సికింద్రాబాదు కావడానికి అక్కడి బ్రిటిష్ కంటోన్మెంటు ఒక ప్రధాన కారణం. వికారాబాదు, శంకరపల్లి మీదుగా సాగిన ఈ మార్గానికి చేవెళ్ళ, మొయినాబాదు దక్షిణాన ఉండిపోయాయి. ఆ ప్రాంతీయులకు రైలెక్కాలంటే శంకరపల్లి లేదా నగరమే గతి. కనుక ఈ స్టేషను చరిత్ర వాస్తువైభవానికే పరిమితం కాదు. ఎవరి అవసరం మార్గాన్ని నిర్ణయించిందన్న ప్రశ్న కూడా అందులో ఇమిడి ఉంది.

1966లో సికింద్రాబాదు దక్షిణమధ్య రైల్వే కేంద్రస్థానమైంది. న్యూయార్కులో 1910 నాటి పెన్సిల్వేనియా స్టేషను ప్రయాణికులు తగ్గి, ఆదాయం క్షీణించి 1963లో కూల్చివేతకు గురైంది. సికింద్రాబాదు స్థితి దీనికి విరుద్ధం: ఇక్కడ రద్దీయే కట్టడాన్ని మించిపోయింది. 2023లో పునర్నిర్మాణానికి శంకుస్థాపన జరిగింది. 2025లో కమానుల ముఖభాగాన్ని కూల్చివేశారు.

విస్తరణ అవసరం కాదనలేనిది. అయితే అవసరం ఉన్నంత మాత్రాన కూల్చివేత అనివార్యమని సిద్ధాంతీకరించలేం. 1916 నాటి కాచిగూడ స్టేషను గుమ్మటాలతో నేటికీ వినియోగంలో ఉంది. న్యూయార్కు నగరం తన నష్టం నుంచి 1965లో వారసత్వ పరిరక్షణ చట్టాన్ని రూపొందించుకుంది. కట్టడం పోయిన చోట కనీసం నక్షాలు, ఛాయాచిత్రాలు, కూలీల, ఉద్యోగుల, ప్రయాణికుల మౌఖిక కథనాలు తెలుగులో నమోదు కావాలి. ఆ పని జరగకపోతే రెండవ కూల్చివేత మన చేతులమీదుగానే జరిగినట్లవుతుంది.