కాబూల్‌లో దించేసిన బోర్డు

బతికున్నన్నాళ్లూ దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. చేతకాని శాఖ అని తిట్టినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. అఫ్గానిస్తాన్ మహిళా వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఇరవై ఏళ్లు నిండకుండానే కన్నుమూసింది. ఎలా పోయిందో, ఎందుకు పోయిందో చెప్పుకోవాలి.

2001 డిసెంబరులో, తాలిబన్ల తొలి పాలన కూలగానే, బాన్ ఒప్పందంతో ఏర్పడ్డ తాత్కాలిక ప్రభుత్వంలో ఈ శాఖ పుట్టింది. అంతకు ముందు అయిదేళ్లు ఆడపిల్లకు బడి లేదు, మగతోడు లేకుండా గడప దాటే వీల్లేదు. తొలి మంత్రి సిమా సమర్, హజారా తెగకు చెందిన డాక్టరు. పాకిస్తాన్‌లోని క్వెట్టాలో శరణార్థి స్త్రీలకు ఆస్పత్రి నడిపిన మనిషి. ఏడాది తిరక్కుండానే ఆమెమీద దైవదూషణ నింద వేశారు. బెదిరింపుల మధ్య 2002లో ఆమె పదవి వదిలారు. పురిట్లోనే పడ్డ దెబ్బ అది.

అయినా శాఖ నిలబడింది. మొత్తం 34 రాష్ట్రాల్లో కార్యాలయాలు తెరిచింది. 2004 రాజ్యాంగం స్త్రీపురుషులకు సమాన హక్కులు రాసిచ్చింది. దిగువ సభలో 68 స్థానాలు మహిళలకు దక్కాయి. 2009లో వచ్చిన చట్టం బాల్యవివాహం, బలవంతపు పెళ్లి, గృహహింస సహా 22 రకాల చేష్టలను నేరాలుగా ప్రకటించింది.

కాగితం మీద అంతా బాగానే ఉంది. ఆ చట్టం మాత్రం అధ్యక్షుడు కర్జాయ్ జారీ చేసిన డిక్రీ. 2013 మేలో పార్లమెంటు ముందుకు తెస్తే, మతానికి విరుద్ధమంటూ కొందరు సభ్యులు గోల చేశారు. మొదలైన కాసేపటికే చర్చ ఆపేశారు. శాఖ బలం కూడా అంతంతమాత్రమే. విధానాలు రాయగలదు, మిగతా శాఖలకు సలహా చెప్పగలదు. దాని చేతిలో పోలీసు లేడు, కోర్టు లేదు. ఖర్చుకు విదేశీ దాతల వైపు చూడాలి.

ఆ లోటును ప్రాణాలతో పూడ్చినవాళ్లు జిల్లాల్లో, రాష్ట్రాల్లో పనిచేసిన ఉద్యోగినులు. కాందహార్ కార్యాలయం అధిపతి సఫియా అమాజాన్ అరవై దాటిన టీచరమ్మ. తాలిబన్ల కాలంలో ఇంట్లో గుట్టుగా ఆడపిల్లలకు చదువు చెప్పారు. పదవిలోకి వచ్చాక వందలాదిమంది స్త్రీలకు కుట్టుపని, రొట్టెలు కాల్చి అమ్ముకునే పని నేర్పే కేంద్రాలు తెరిచారు. కాపలా మనుషుల్ని ఇవ్వమని, తిరగడానికి భద్రమైన వాహనం ఇవ్వమని ప్రభుత్వాన్ని అడిగారు. రెండూ రాలేదు. 2006 సెప్టెంబరు 25 ఉదయం ఆఫీసుకు బయల్దేరితే, ఇంటి ముందే కాల్చి చంపారు.

లగ్మాన్ రాష్ట్రంలో శాఖ కార్యాలయం అధిపతి హనీఫా సఫీ 2012 జులైలో కారుకు పెట్టిన బాంబుకు బలయ్యారు. ఆ కుర్చీ ఏమవుతుందో తెలిసీ నాజియా సిద్దీఖీ అందులో కూర్చున్నారు. అయిదు నెలలకే, డిసెంబరు 10న, ఆఫీసుకు వెళ్తుంటే ఆమెనూ కాల్చి చంపారు. ఆరోజు అంతర్జాతీయ మానవ హక్కుల దినం.

2021 ఆగస్టు 15న కాబూల్ మళ్లీ తాలిబన్ల వశమైంది. సెప్టెంబరు 7న ప్రకటించిన మంత్రివర్గంలో ఒక్క స్త్రీ లేదు, మహిళా శాఖ ఊసే లేదు. ఉద్యోగినులు రోజూ గేటు దాకా వచ్చారు. ఇంటికి పొమ్మన్నారు. వాళ్లలో ఇంటిల్లిపాదికీ తమ జీతమే ఆధారమైనవాళ్లున్నారు. సెప్టెంబరు 17న పాత బోర్డు తీసేసి, ధర్మ ప్రచార, అధర్మ నిరోధక శాఖ అని కొత్తది తగిలించారు. మొదటి ఏలుబడిలో ఆడవాళ్లను వీధుల్లో కొరడాలతో కొట్టించింది ఆ పేరున్న శాఖే. రెండు రోజుల తర్వాత పదిపదిహేను మంది స్త్రీలు ఆ భవనం ముందు నిలబడి నిరసన తెలిపారు. మహిళా శాఖ చావుకు ఏడ్చింది వాళ్లే.

తర్వాతి సంగతులు లోకానికి తెలిసినవే. పెద్ద తరగతుల ఆడపిల్లలకు బడి మూసేశారు. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాలూ మూతపడ్డాయి. 2024 ఆగస్టులో వచ్చిన 35 అధికరణాల చట్టం, స్త్రీ గొంతు కూడా పరాయివాళ్ల చెవిన పడకూడదంది. ఈ చట్టాన్ని అమలుచేసే బాధ్యత ధర్మ ప్రచార శాఖదే. దానికి తనిఖీదారులున్నారు, పట్టుకుని బంధించే అధికారముంది. మహిళా శాఖకు ఇరవై ఏళ్లలో ఎవరూ ఇవ్వని అధికారాలివి.

తాలిబన్లు ఆ శాఖ ప్రాణం తీశారు, నిజమే. దాన్ని అంత తేలిగ్గా తీయగలిగేలా వదిలేసింది మాత్రం పెట్టినవాళ్లే. స్త్రీల కోసం ఫలానా కమిషన్ వేశాం, ఫలానా శాఖ పెట్టామని ఏ ప్రభుత్వం చెప్పినా, చప్పట్లు కొట్టే ముందు మూడు సంగతులు అడగండి: చట్టసభ ఆమోదించిన చట్టం ఉందా? సొంత ఖజానా నుంచి డబ్బు ఉందా? అక్కడ పనిచేసే ఆడమనిషికి రక్షణ ఉందా?