స్పోర్ట్స్ టూరింగ్ బైక్: సీసీ చూసి కొనేస్తున్నారా? లాంగ్ రైడ్‌కు అసలు చూడాల్సినవి ఇవే!

షోరూమ్‌లో రెండు నిమిషాలు కూర్చుంటే ఏ బైకైనా బాగానే ఉంటుంది. అసలు సంగతి హైదరాబాద్‌లో బయల్దేరి కర్నూలు దాటాక తెలుస్తుంది. మణికట్లు లాగేస్తాయి, మెడ పట్టేస్తుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. అలసిపోయిన రైడర్ బ్రేక్ కూడా ఆలస్యంగానే వేస్తాడు. అందుకే స్పోర్ట్స్ టూరింగ్ బైక్‌కు టాప్ స్పీడ్ కన్నా పెద్ద పరీక్ష ఒకటుంది. 500 కిలోమీటర్లు నడిపాక కూడా రైడర్ చురుగ్గా ఉండాలి.

అసలేంటీ స్పోర్ట్స్ టూరర్?
మలుపుల్లో స్పోర్ట్స్ బైక్‌లా తిరగాలి, హైవేపై గంటల తరబడి హాయిగా సాగాలి. 1976లో బీఎండబ్ల్యూ తెచ్చిన ఆర్100ఆర్‌ఎస్ ఈ తరహాకు దారి చూపింది. విండ్ టన్నెల్‌లో పరీక్షించి తయారుచేసిన ఫుల్ ఫెయిరింగ్ దాని ప్రత్యేకత.

కూర్చునే తీరు
రేస్ బైక్‌లో శరీర బరువు చాలావరకు చేతుల మీదే పడుతుంది. టూరర్‌లో హ్యాండిల్ కాస్త ఎత్తుగా ఉండాలి, ఫుట్‌పెగ్‌లు మరీ వెనక్కి ఉండకూడదు. మోచేతులు కొద్దిగా వంగి, భుజాలు వదులుగా ఉంటే పొజిషన్ కుదిరినట్టే.

గాలి దెబ్బ
స్పీడ్ రెట్టింపైతే గాలి ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. అంటే 50లో తెలియని గాలి 100లో ఛాతీని వెనక్కి నెడుతుంది. విండ్‌స్క్రీన్ ముఖ్యమయ్యేది ఇక్కడే. కవాసకి నింజా 1000ఎస్‌ఎక్స్‌లో దీన్ని నాలుగు పొజిషన్లలో మార్చుకోవచ్చు. స్క్రీన్ ఎత్తు కుదరకపోతే మాత్రం గాలి నేరుగా హెల్మెట్‌కే కొట్టి తల ఊగిపోతుంది.

ఇంజిన్, ట్యాంక్
టాప్ గేర్‌లో 90-100 దగ్గర ఇంజిన్ అరవకుండా సాగాలి. లారీని దాటేటప్పుడు గేర్ తగ్గించకుండానే లాగే టార్క్ కావాలి. ట్యాంక్ సైజ్ ఒక్కటే చూస్తే చాలదు. 13 లీటర్ల ట్యాంక్, లీటరుకు 30 కిలోమీటర్ల మైలేజీ ఉంటే లెక్క ప్రకారం 390 వస్తుంది. కానీ రిజర్వ్ పక్కన పెట్టి 320కే బంక్ వెతుక్కోవడం మంచిది.

బ్రేకులు, లగేజీ
125 సీసీ దాటిన కొత్త బైకులకు ఏబీఎస్ తప్పనిసరే. అయితే సింగిల్ ఛానెల్ ముందు చక్రాన్నే చూసుకుంటుంది, డ్యూయల్ ఛానెల్ రెండింటినీ చూసుకుంటుంది. వెనక మనిషి, బ్యాగులు ఉంటే సస్పెన్షన్ ప్రీలోడ్ పెంచుకునే వీలు ఉండాలి. లేదంటే వెనక భాగం కుంగి, మలుపుల్లో బైక్ మాట వినదు.

కొనే ముందు ఇలా చేయండి
వీలైతే కనీసం గంటసేపు, హైవే మీద టెస్ట్ రైడ్ అడగండి. వెనక ఎవరినైనా కూర్చోబెట్టుకుని నడపండి. దిగాక వేళ్లు తిమ్మిరెక్కినా, నడుము పట్టేసినా తొందరపడి బుక్ చేయొద్దు. ఒక్క గంటకే ఇలా ఉంటే బెంగళూరు దాకా ఎలా వెళ్తారు?