నక్కను చంపకూడని వేటకుక్క

1840ల నాటి చలికాలం. ఇంగ్లండ్‌లోని ఉత్తర డెవన్, స్విమ్‌బ్రిడ్జ్ ఊరి శివారు. మీ కాళ్లు చీలమండల దాకా బురదలో దిగబడ్డాయి. ఇందాకటి దాకా కొండవాలంతా హోరెత్తించిన పెద్ద వేటకుక్కలు ఒక గట్టు దగ్గర ఆగి మట్టిని గీరుతున్నాయి. గుంటనక్క బొరియలో దూరింది. వీటి ఒళ్లు అందులో పట్టదు.

గుర్రం దిగుతున్నాయన జాన్ రసెల్, ఈ ఊరి చర్చి పాస్టరు. ఆదివారం ప్రసంగం చేసే మనిషికి వేటంటే ప్రాణం. ఆయన సైగ చేయగానే ఓ తెల్లటి బుల్లి టెర్రియర్ ముందుకొచ్చింది. బురద కొట్టుకుని బయటికొచ్చినా నక్క అని పొరబడకుండా ఆ తెలుపు. ఛాతీ ఆడనక్కదంత సన్నం. కాళ్లు మాత్రం మరీ పొట్టివి కావు, గుర్రాల వెంట పరుగెత్తాలి కదా. 1819లో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటూ రసెల్ ఒక పాలవాడి దగ్గర ట్రంప్ అనే ఆడకుక్కను చూసి అక్కడికక్కడే కొనేశాడు. ఈ వంశానికి మూలం అదే.

టెర్రియర్ తోక కూడా బొరియలోకి మాయమైంది. నేలకు చెవి ఆనించండి. అదిగో, మొరుగు! అది కదిలితే నక్క కదులుతున్నట్టు. ఒకేచోట వినిపిస్తే నక్క ఎదురుతిరిగి నిలబడ్డట్టు. పారలు పట్టుకున్నవాళ్లు తవ్వాల్సిన చోటు ఆ గొంతే చెబుతుంది. అందరికీ గుబులు పుట్టించేది మాత్రం మౌనం. కుక్క ఇరుక్కుపోయిందో, పట్టుకు దిగిందో తెలియదు.

ఉన్నట్టుండి అవతలి కన్నంలోంచి నక్క దూసుకొచ్చింది. గుర్రాలు మళ్లీ కదిలాయి. టెర్రియర్ వెనకే పాక్కుంటూ వచ్చింది, మూతికి మట్టే తప్ప నెత్తురు లేదు. జాలి అనుకునేరు! నక్క లోపలే చస్తే గుర్రాలవాళ్లకు ఆట ముగిసిపోతుంది. అందుకే రసెల్ ఎంచుకున్నది బెదరకుండా ఎదురు నిలిచి, నోటితో పోరుపెట్టి తరిమే కుక్కల్నే. కరిచి చంపేవాటిని కాదు.

కుక్కల జాతుల్ని గుర్తించే కెన్నెల్ క్లబ్ 1873లో ఏర్పడింది, దాని స్థాపకుల్లో రసెల్ ఒకడు. కుక్కల పోటీల్లో తీర్పులిచ్చాడు గానీ తన కుక్కల్ని నిలబెట్టలేదు. ఆయన పోయి శతాబ్దం దాటాక, 1990లో ఆ క్లబ్ ఈ టెర్రియర్ జాతిని గుర్తించింది. ఇప్పుడు పోటీకి వెళ్లి చూడండి: న్యాయనిర్ణేత రెండు చేతులతో కుక్క ఛాతీని చుట్టి కొలుస్తాడు. బొరియ పెట్టిన పరీక్ష అది.