ఎద్దుమైలారం నుంచి డాల్ఫిన్స్ నోస్ దాకా: దారి చూపే యంత్రాల సింహావలోకనం

సంగారెడ్డి జిల్లాకు సముద్రం లేదు. ఉన్న నీళ్లు మంజీరవి. సింగూరులో చేపలు పట్టేవాడికి పుట్టీ, తెడ్డూ ఉంటే చాలు. అయినా నీళ్ల మీద తేలి నడిచే బండ్లు తయారయ్యేది ఈ జిల్లాలోనే. ఎద్దుమైలారంలో 1984లో వెలసిన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ సోవియట్ యుద్ధ శకటం బీఎంపీ-2ను ‘సారథ్’ పేరుతో 1987 నుంచి తయారుచేస్తోంది. పద్నాలుగు టన్నుల ఆ ఇనుప బండి ఏరు అడ్డం వస్తే దిగి, తన గొలుసు చక్రాలతోనే నీటిని వెనక్కి తోస్తూ గంటకు 7 కిలోమీటర్ల వేగంతో అవతలి ఒడ్డు చేరుతుంది. ఆ తరం బండ్లు ముసలివైనా పారేయదగ్గవి కావు. 2024 ఫిబ్రవరి 1న రక్షణ శాఖ 693 బండ్ల నవీకరణకు ఒప్పందం చేసుకుంది. చీకట్లో చూసే ఏర్పాటు, కమాండరు చుట్టూ చూసే సైటు, గురిని తనంతట తాను వెంటాడే ట్రాకరు అందులో ఉన్నాయి. బండి పాతదే, చూపు కొత్తది.

1980లలో కట్టిన మోటార్ యాట్ చేతికొచ్చిన యూరప్ షావుకారుకూ, విశాఖ చేపలరేవులో పాత మరపడవ నడిపే యజమానికీ ఎదురయ్యేది ఇదే బేరం. చెక్క గట్టిది, ఇంజను ఇంకా నాలుగేళ్లు లాగుతుంది. మరి దారి చూపే సామాను ఏది కొనాలి? దుకాణాల వాళ్లు తెర ఎంత పెద్దదో, రంగులెన్నో చెబుతారు. అడగాల్సింది వేరొకటి ఉంది: ఈ యంత్రం ఎవరి దయతో పనిచేస్తుంది, వాళ్లు ఆపేస్తే పడవలో ఏం మిగులుతుంది? గడిచిన ఎనభై ఏళ్ల చరిత్ర నిండా ఈ ప్రశ్నే.

అంతకుముందు ఎవరి దయా అక్కర్లేదు. ఉత్తరాంధ్ర తెప్పల వాళ్లు కొండనూ కొండనూ కలిపి చూసి చేపలుండే రాతిగట్టును గుర్తుపట్టేవారు. తాడుకు గుండు కట్టి వదిలి, లోతును బారల్లో చెప్పేవారు. 1957లో విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ వెలిగాక రాత్రిళ్లు ఆ దీపం తోడైంది.

రెండో ప్రపంచ యుద్ధం రేడియో తరంగాలతో దారి వెతకడం నేర్పింది. 1944లో నార్మండీ దాడిలో వాడిన బ్రిటిష్ డెక్కా పద్ధతి శాంతికాలంలో చేపల పడవలకు చేరింది. కానీ కంపెనీ ఆ రిసీవర్లను అమ్మేది కాదు, అద్దెకిచ్చేది. పడవ నీది, దారి మాది అన్న పద్ధతి. 2000లో బ్రిటన్‌లోని డెక్కా ప్రసార కేంద్రాల గొలుసు మూతపడింది, పెట్టెలు చెత్తయ్యాయి. అలాంటి రేడియో పద్ధతే అయిన అమెరికా లోరాన్-సి 2010 ఫిబ్రవరిలో ఆగింది. అమెరికా నేవీ ఉపగ్రహాల ట్రాన్సిట్ వ్యవస్థ 1960లలో మొదలై 1996 దాకా నడిచింది. ఒకసారి స్థానం తెలిశాక మళ్లీ తెలియాలంటే చాలాసార్లు గంటకు పైగా కాచుకోవాలి.

తర్వాత వచ్చిన జీపీఎస్ అందరినీ మరిపించింది. అయితే 2000 మే మొదటి రోజుల దాకా అమెరికా సైన్యం మామూలు జనానికి సంకేతాన్ని కావాలనే చెడగొట్టి ఇచ్చేది, వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. ఇంకో చిక్కు లోపలే ఉంది. ఆ వ్యవస్థ వారాలను 1023 దాకా లెక్కపెట్టి మళ్లీ సున్నాకు వస్తుంది. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్ 6న మరోసారి అలా తిరిగింది. సాఫ్ట్‌వేర్ మార్చని పాత సెట్లు కొన్ని దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి పోయిన తేదీ చూపాయి. పాత పడవలో పాత జీపీఎస్ ఉన్నవాళ్లు ముందు దాని తేదీ చూసుకోవాలి. మళ్లీ తిరిగేది 2038లో.

మన కథ 1999లో మలుపు తిరిగింది. ఆ ఏడాది పుట్టిన సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ నేటి కార్యాలయం పటాన్‌చెరుకు పెద్ద దూరం కాని ప్రగతినగర్‌లో ఉంది. కెరటం వినపడని ఆ చోటు నుంచే సముద్రపు వేడినీ, పచ్చదనాన్నీ ఉపగ్రహం కొలిచిన లెక్కతో చేపలు దొరికే చోట్లను రేవులకు చెబుతారు. ఏ దిక్కున, ఎంత దూరాన, ఎంత లోతున అన్నది పడవ నడిపించే తండేలుకు అర్థమయ్యే లెక్కలోనే ఉంటుంది. 2004 సునామీ తర్వాత 2007లో సునామీ హెచ్చరికల కేంద్రమూ అక్కడే వచ్చింది. 2019 అక్టోబరులో జెమిని అనే చిన్న పెట్టె వచ్చింది. ఫోను సిగ్నలు అందని చోట గగన్ ఉపగ్రహాల నుంచి తుపాను కబురు అందుకుని ఫోనుకు చేరవేస్తుంది. వినడమే తప్ప తిరిగి చెప్పడానికి దారి లేదు. ఆపదలో ఉన్నవాడికి అది సగం సాయమే.

మనది మనకుండాలన్న పట్టుదలతో 2013 జులై 1న మన సొంత దారి చూపే వ్యవస్థ నావిక్ మొదటి ఉపగ్రహం వెళ్లింది. అందులోని విదేశీ అణు గడియారాలు మూడూ చెడిపోయాయి. 2023 మేలో ఎగిరిన ఎన్‌వీఎస్-01లో స్వదేశీ రుబీడియం గడియారం పెట్టారు. మామూలు రిసీవర్లు పట్టుకునే ఎల్1 సంకేతమూ దానితోనే మొదలైంది. అందుకే ఇప్పుడు సెట్టు కొనేవాడు జీపీఎస్‌తో పాటు నావిక్ కూడా అందుకుంటుందా అని అడగడం దేశభక్తి కోసం కాదు. బాల్టిక్, నల్ల సముద్రాల్లో జామింగ్ మామూలైపోయిన రోజుల్లో రెండో తాడు ఉండాలి కనుక.

నీటి మీద సరిహద్దు గీత కనపడకపోవడం ఎంత ఖరీదైనదో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లకు తెలుసు. గుజరాత్ వెరావల్ బోట్లలో పనికి పోయి 2018లో పాకిస్థాన్ చేతికి చిక్కినవారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. 2024 ఆగస్టు 30న పాల్ఘర్‌లో ప్రధాని ప్రారంభించిన పథకం కింద లక్ష పడవలకు ట్రాన్స్‌పాండర్లు పెడుతున్నారు. అవి రెండు వైపులా మాట్లాడతాయి, సరిహద్దు దగ్గరైతే హెచ్చరిస్తాయి.

యంత్రం ఒక్కటే సరిపోదని గోదావరి చెప్పింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగినప్పుడు లోటు తెరది కాదు, ఆ వరదలో బయల్దేరొద్దని ఆపే మనిషిది. మరుసటి ఏడాది పడవల రాకపోకలను చూసే తొమ్మిది కంట్రోల్ రూమ్‌లు వచ్చాయి.

ఇక కొనుగోలు. పటాన్‌చెరు షెడ్లలో పాత లేత్‌కు కొత్త కంట్రోల్ ప్యానెల్ బిగించే ఎలక్ట్రీషియన్‌ను అడిగితే మొదట వైరింగ్ చూడమంటాడు. పడవలోనూ అంతే. ఇంజను స్టార్టు చేసిన క్షణంలో వోల్టేజి పడిపోయి తెర ఆరిపోతుంది, కాబట్టి ఎలక్ట్రానిక్స్‌కు వేరే బ్యాటరీ ఉండాలి. ఉప్పుగాలికి పచ్చబడ్డ తీగలు మార్చాలి. పాత ఆటోపైలట్ 1983 నాటి ఎన్‌ఎంఈఏ 0183 భాషలో మాట్లాడుతుంది, కొత్త పెట్టెలు ఎన్‌ఎంఈఏ 2000లో. మధ్యలో మార్పిడి పెట్టె లేకపోతే రెండూ ఒకే గదిలో మూగవాళ్లలా కూర్చుంటాయి. డబ్బు తక్కువైతే నా లెక్కలో లోతు చూపే ఎకో సౌండర్ ముందు, తర్వాత పటం మీద చోటు చూపే ప్లాటరు, వీహెచ్‌ఎఫ్ రేడియో, ఆపైన చుట్టుపక్కల ఓడలు కనపడే ఏఐఎస్. రాడార్ ఆఖరు. అయస్కాంత దిక్సూచిని మాత్రం పీకకూడదు, దాని పక్కన స్పీకరు పెట్టనూ కూడదు.

సంగారెడ్డి పక్కనే కందిలో ఐఐటీ హైదరాబాద్ ఆవరణలో మనిషి లేకుండా నడిచే వాహనాల పరీక్షలకు ‘తిహాన్’ కేంద్రం 2022 జులైలో తెరుచుకుంది. ఆ ఐఐటీ 2008లో తొలి తరగతులు నడిపింది ఎద్దుమైలారం ఫ్యాక్టరీ ఆవరణలోనే. నేల మీదా, గాలిలోనూ దారి వెతుక్కునే యంత్రాలను అక్కడ పరీక్షిస్తున్నారు. వాటికీ ఉపగ్రహం ఒక్కటే చాలడం లేదు. కెమెరా, లైడార్, రాడార్ కలిపి ఒకదాని మాటను ఇంకొకదానితో సరిచూస్తున్నారు. రెండు కొండలను కలిపి చూసిన తెప్పవాడి లెక్క వాళ్లకు కొత్తగా అనిపించదు.